పాత నడుము నొప్పితో బొగత జలపాతం దాకా: ఒక కేసు

మా క్లినిక్కుకు వచ్చిన ఒక మహిళ కేసు ఇది, ఆమె అనుమతితో రాస్తున్నాం. వయసు, ఉద్యోగం, కుటుంబ వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాం.

నేపథ్యం

నలభైల్లో ఉన్న మహిళ, హన్మకొండ నివాసి. రోజులో ఎక్కువసేపు నిలబడి చేసే ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా నడుము నొప్పి ఉంది. మామూలు రోజుల్లో పదికి మూడు దగ్గర ఉంటుంది, ఎక్కువైతే ఏడుకు చేరుతుంది. ఎక్కువైనప్పుడు ఎడమ పిరుదు నుంచి తొడ వెనక భాగం దాకా లాగుతుంది. ఐదేళ్ల కిందటి ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య, మెత్తలా ఉండే డిస్కు కొద్దిగా ఉబ్బిందని ఉంది. ఆ కాగితాన్ని ఆమె ప్లాస్టిక్ కవర్లో పెట్టి ప్రతి డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లేవారు. "డిస్కు జరిగింది, ఇగ గుట్టలెక్కుడు నాతోని కాదు" అన్నది ఆమె నమ్మకం. ఇలాంటి ఉబ్బు, నొప్పి అంటే ఏమిటో తెలియని నలభై ఏళ్ల వాళ్లలో కూడా దాదాపు సగం మందికి స్కానులో కనిపిస్తుంది. ఈ మాట ముందే చెప్పాం. కానీ ఒక్కసారి చెబితే పోయే భయం కాదది.

పెళ్లికి ముందు స్నేహితులతో అడవులు, వాగులు తిరిగిన మనిషి. ఎనిమిదేళ్లలో రెండుసార్లు కుటుంబంతో దూరం వెళ్లారు. రెండుసార్లూ తిరిగొచ్చాక మంచం పట్టారు, ఒకసారి 12 రోజులు, ఇంకోసారి 18 రోజులు.

ఏం కోరుకుని వచ్చారు

"నొప్పి తగ్గించండి" అని ఆమె అడగలేదు. ఆడబిడ్డ, తోటికోడలు కుటుంబాలు కలిసి నవంబరులో మూడు రోజుల ప్రయాణం అనుకున్నారు. మొదటి రోజు లక్నవరం చెరువు, వేలాడే వంతెన, రాత్రి తాడ్వాయిలో బస. రెండో రోజు ఏటూరునాగారం మీదుగా ముల్లకట్ట వంతెన దాటి వాజేడు మండలంలోని బొగత జలపాతం. మూడో రోజు తిరుగు దారిలో రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు. "నేను రానంటే వాళ్లు కూడ ఆగుతరు. పోతె పడుకుంట. ఏం చెయ్యాలె?" ఇదీ ప్రశ్న. మా చేతిలో పదకొండు వారాలున్నాయి.

పరీక్షలో తేలినవి

ముందుగా ప్రమాద సూచనలు చూశాం. మూత్రం, మలం మీద పట్టు తప్పడం లేదు. తొడల మధ్య మొద్దుబారడం, పాదం జారిపోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, ఇవేవీ లేవు. కాలి వేళ్ల బలం, మోకాలు, మడమ దగ్గరి రిఫ్లెక్సులు రెండు వైపులా సమానం. కాలు నిటారుగా ఎత్తే పరీక్షలో 70 డిగ్రీల దాకా నొప్పి కాలులోకి దిగలేదు. ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ప్రయాణం మాట పక్కన పెట్టి స్పెషలిస్టు దగ్గరికి పంపేవాళ్లం.

కూర్చుంటే పెరిగి నడిస్తే తగ్గే నొప్పి ఇది. నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుని పది సార్లు వెనక్కి వంగితే పిరుదులోని లాగుడు నడుము మధ్యకు వచ్చి తగ్గేది. చాలా ప్లాను ఈ ఒక్క విషయం మీదే నిలబడింది.

ప్రయాణానికి పనికొచ్చే కొలతలు నాలుగు తీశాం. నొప్పి మూడు నుంచి ఐదుకు చేరేలోపు కుర్చీలో ఎంతసేపు: 40 నిమిషాలు. చదునైన దారిలో నడక: 30 నిమిషాలు. మెట్లు ఎక్కడం: 60. దిగడం: 40. చివరి అంకె అడగడం చాలామంది మర్చిపోతారు. జలపాతం దగ్గరికి ముందు దిగాలి, అలసిపోయాక ఎక్కాలి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది. అలవాటు లేని కండరానికి ఆ నొప్పి మర్నాడో ఆ తర్వాతి రోజో బయటపడుతుంది. ఇంటికొచ్చాక "నడుము మళ్లీ పోయింది" అని వచ్చేవాళ్లలో కొందరికి నిజంగా నొచ్చేది తొడలు. బిగుసుకున్న తొడలతో వంకరగా నడవడం వల్ల నడుము కూడా పట్టేస్తుంది.

అప్పటికే ఆమె చేసి చూసినవి

రెండు ప్రయాణాల ముందూ ఆమె ఒకే దారి పట్టారు. వారం పది రోజులు పూర్తిగా విశ్రాంతి. బయలుదేరే రోజు పొద్దున దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది. దారంతా గట్టిగా బిగించిన నడుము బెల్టు. కింద నాలుగు అంగుళాల స్పాంజి దిండు. బాత్రూం కోసం బండి ఆపమనడం ఇష్టం లేక నీళ్లు బాగా తగ్గించేవారు.

వీటిలో ప్రతి ఒక్కటీ అర్థం చేసుకోదగినదే. అన్నీ కలిసి ఆమెను దెబ్బతీశాయి. పది రోజుల విశ్రాంతికి కండరం సడలి మెట్లు దిగే శక్తి పోయింది. సూది కొన్ని గంటలు నొప్పిని కప్పేసింది, ఆ ధైర్యంతో మూడు గంటలు కదలకుండా కూర్చున్నారు. ఆ మందు కడుపుకు చేటు, ఒంట్లో నీళ్లు లేనప్పుడు కిడ్నీలకు కూడా. నీళ్లు తగ్గేసరికి మలబద్ధకం వచ్చింది. ముక్కడం వల్ల డిస్కు మీద ఒత్తిడి పెరిగింది. మెత్తటి దిండులో పిరుదులు లోపలికి కూరుకుపోయి కటి వెనక్కి ఒరిగింది, నడుములోని సహజమైన వంపు పోయింది. మెత్తనిదే హాయి అనుకోవడం నడుము నొప్పి ఉన్నవాళ్లలో తరచూ కనిపించే పొరపాటు.

మా మొదటి ప్లాను, అది ఎందుకు విఫలమైంది

40 నిమిషాల కొలతలో మూడింట రెండొంతులు తీసుకుని, 25 నిమిషాలకు ఒకసారి దిగాలని లెక్క వేశాం. నొప్పి వచ్చాక ఆగితే ఆలస్యమవుతుంది. లేచే టైము నొప్పి కాదు, గడియారం నిర్ణయించాలి. ఫోనులో అలారం పెట్టించాం. రెండు వారాల వ్యాయామం తర్వాత రామప్పకు ఒకరోజు ట్రయల్ ప్రయాణం పెట్టుకోమన్నాం. 1213లో కట్టిన, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకెక్కిన ఆ గుడి హన్మకొండకు దాదాపు 65 కిలోమీటర్లు. అసలు ప్రయాణంలో సగం దూరం కూడా కాదు, అక్కడ నడక చదునుగా ఉంటుంది, కష్టమైతే వెనక్కి రావచ్చు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

ఆమె తొమ్మిది రోజులు పడుకున్నారు.

తిరిగొచ్చాక గంటసేపు కూర్చుని ప్రతి మలుపూ రాసుకున్నాం. బండిలో ఏడుగురు. ఆమెకు దొరికింది చివరి వరుస. మొదటి అలారానికి బండి ఆపారు, టీ కొట్టు దగ్గర దిగి అక్కడి బల్ల మీద కూర్చున్నారు. అంటే కూర్చోవడం ఆగలేదు, చోటు మారిందంతే. రెండో అలారం మోగినప్పుడు పిల్లలు నిద్రపోతున్నారు. ఫోను నొక్కి పర్సులో వేసుకున్నారు. ఆ తర్వాత గంటా పది నిమిషాలు కదల్లేదు. ఎవ్వరితోనూ ఏమీ అనలేదు.

ఇందులో తప్పు మాది. కొలత తీసింది క్లినిక్కు కుర్చీలో. చివరి వరుస సీటు వెనక ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి గుంతలోని ప్రతి దెబ్బా నేరుగా నడుముకు తగులుతుంది. అక్కడ 40 నిమిషాల ఓపిక 20కి పడిపోతుంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆగమని అడిగే బాధ్యత మొత్తం ఆమె మీదే పెట్టాం. ప్రతి 25 నిమిషాలకు ఏడుగురి ప్రయాణాన్ని తన నొప్పి కోసం ఆపమనడం అంటే, ప్రతి 25 నిమిషాలకు "నేను రోగిని" అని చెప్పుకోవడమే. ఆమె నడుముకు ఓపిక ఉంది. అడగడానికి నోరు రాలేదు. అలారం వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది: మోగకముందు ఐదు నిమిషాలుగా నడుము మీదే ధ్యాస పెట్టి నొప్పిని వెతుక్కుంటున్నానని ఆమే చెప్పారు.

మార్చిన ప్లాను

ఆగే చోట్లు: అలారం తీసేశాం. ఆడబిడ్డను క్లినిక్కుకు పిలిచి 20 నిమిషాలు మాట్లాడాం. ఎనిమిదేళ్లలో ఆమె విషయం పూర్తిగా విన్నది అదే మొదటిసారి. "వదినా, నువ్వు చెప్పకుంటె మాకెట్ల ఎరుక?" అన్నారు. ఆగడం అందరి ప్రయాణంలో ముందే రాసి ఉండాలి, అప్పటికప్పుడు ఎవరూ అడగాల్సిన పని ఉండకూడదు అని నిర్ణయించుకున్నాం. హన్మకొండ నుంచి వెళ్లే దారి ఇందుకు చాలా అనుకూలం. గూడెప్పాడు క్రాస్‌రోడ్డులో టీ. ములుగుకు ముందు గట్టమ్మ గుడి. మేడారం పోయేవాళ్లు ముందు గట్టమ్మకు మొక్కి కదలడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ కాబట్టి అక్కడ ఆగడానికి ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. తర్వాత పస్రా. ఆ తర్వాత తాడ్వాయి. ఒక్కో దానికి మధ్య అరగంట అటూ ఇటూ. ఆగే సంగతి డ్రైవరుకు ముందు రోజే చెప్పే బాధ్యత ఆడబిడ్డది.

దిగి ఏం చేయాలో కూడా రాశాం: బల్ల మీద కూర్చోవద్దు. మూడు నిమిషాలు బండి చుట్టూ నడవాలి. నడుము మీద చేతులు పెట్టి ఎనిమిదిసార్లు వెనక్కి వంగాలి. పదిసార్లు మడమలెత్తాలి. టీ నిలబడే తాగాలి. మొత్తం ఆరేడు నిమిషాలు. అంతకంటే పొడిగిస్తే తోటివాళ్ల ఓపిక తగ్గుతుంది, తర్వాతి ఆగుడుకు గండి పడుతుంది.

సీటు: మధ్య వరుస, తలుపు పక్కన. రెండు ఇరుసుల మధ్య ఉండే చోటు కాబట్టి కుదుపు అక్కడే తక్కువ. స్పాంజి దిండు తీసేయించాం. ఒక టర్కీ టవల్‌ను గట్టిగా చుట్టి రెండు రబ్బరు బ్యాండ్లు వేశాం. చుట్ట మందం 10 సెంటీమీటర్లు, ఆనుకుంటే ఐదారుకు నొక్కుకుంటుంది. బెల్టు పెట్టుకునే ఎత్తులో, నడుము లోపలికి వంగే చోట పెట్టాలి. అంతకంటే పైన పెడితే వీపును ముందుకు నెట్టి మెడకు పని పెంచుతుంది. ఒక మజిలీ ఉంచి ఒక మజిలీ తీసేయమన్నాం. ఎంత మంచి భంగిమైనా గంటల తరబడి ఒకటే అయితే నొస్తుంది. సీటు వెనక భాగం 100 నుంచి 110 డిగ్రీల వాలు. మోకాలి వెనక, సీటు అంచుకు మధ్య రెండు వేళ్లు పట్టాలి. ఆమె పొట్టిగా ఉంటారు కాబట్టి పాదాలు నేలకు సరిగ్గా ఆనలేదు. వేలాడే కాళ్లు నడుమును లాగుతాయి. బట్టల బ్యాగునే కాళ్ల కింద పెట్టించాం. దిగేటప్పుడు రెండు మోకాళ్లూ కలిపి తలుపు వైపు తిప్పి, రెండు పాదాలూ నేల మీద పెట్టాకే లేవాలి.

డ్రైవరుతో రెండే మాటలు. మొదటిది, టైర్లలో గాలి బండి తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్నంతే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసి కొట్టించాలి. స్టిక్కరు మీద ఉన్నదానికంటే గాలి ఎక్కువ నింపితే టైరు రాయిలా మారి చిన్న గుంత కూడా నడుముకు చేరుతుంది. రెండోది, స్పీడ్ బ్రేకరు వచ్చేముందు "బ్రేకర్" అని ఒక్క మాట అనాలి. తెలిసి వచ్చే కుదుపుకు ఒళ్లు సిద్ధమవుతుంది, తెలియకుండా వచ్చేది పట్టేస్తుంది.

నడక, దిగుడు: విశ్రాంతి మాని, మిగిలిన వారాలన్నీ అభ్యాసం. వారానికి మూడు రోజులు భద్రకాళి బండ్ మీద నడక, 20 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు మూడు నిమిషాలు పెంపు. మిగతా రోజుల్లో రెండు రోజులు ఇంట్లో 15 సెంటీమీటర్ల పీట మీదినుంచి ఒక కాలితో నెమ్మదిగా దిగడం, మూడు లెక్కపెడుతూ, కాలికి ఎనిమిది చొప్పున రెండు విడతలు. నాలుగో వారం నుంచి ఆదివారం పొద్దున పద్మాక్షి గుట్ట మెట్లు. "ఈరోజు బాగుంది కదా, ఇంకొంచెం ఎక్కుదాం" అనడం మానాలని గట్టిగా చెప్పాం. మంచి రోజున రెట్టింపు చేసి, మర్నాడు పడుకుని, మళ్లీ మొదటికి రావడమే ఎనిమిదేళ్లుగా ఆమె చేస్తున్నది. బాగున్న రోజూ రాసిన కొలతే, బాగాలేని రోజు అందులో సగం. సున్నా మాత్రం ఎప్పుడూ వద్దు. ఏడో వారంలో మెట్లు దిగడం 40 నుంచి 130కి చేరింది. నొప్పి అంకె మాత్రం మూడు దగ్గరే ఉంది. ఈ తేడాను ఆమెకు రాసి చూపించాం. నొప్పి తగ్గకుండానే పని పెరగవచ్చని ఆమె మొదటిసారి నమ్మింది అప్పుడే.

నడక కర్రలు రెండు. మోచేయి లంబకోణంలో ఉండేంత పొడవు, దిగేటప్పుడు మాత్రం ఐదు నుంచి పది సెంటీమీటర్లు పెంచాలి. ఒకటే కర్ర పట్టుకుంటే ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతుంది. బొగత దగ్గర తడి బండలుంటాయి కాబట్టి శాండిల్స్ వద్దని, గాడులున్న రబ్బరు అడుగు ఉన్న బూట్లు కొనిపించాం. ఆ బూట్లను మూడు వారాలు గుట్ట మెట్ల మీద తొడిగించాకే ప్రయాణానికి వాడనిచ్చాం.

బ్యాగు: ఇదివరకు ఐదు కిలోల పర్సు ఒక భుజానికి వేసుకునేవారు. రెండు పట్టీలు, నడుముకు బెల్టు ఉన్న చిన్న బ్యాగులోకి మార్చాం. నడుము బెల్టు బరువును తుంటి ఎముకల మీద మోయించాలి, పొట్ట మీద కాదు. మొదటి వారం కిలోన్నర, చివరికి నాలుగు కిలోలు. నీళ్ల సీసా వెన్నుకు దగ్గరగా. దూరంగా, బయటి జేబులో పెట్టిన లీటరు నీళ్లు వెనక్కి లాగే బరువు.

నొప్పికి వేసుకునే పెద్ద బెల్టును పూర్తిగా మానమనలేదు. గుంతలు ఎక్కువున్న దారిలో గంటలోపు, లేదా మెట్లెక్కే ముందు, అంతే. రోజంతా బిగించి ఉంచితే కండరాలు తమ పని మర్చిపోతాయి.

నీళ్లు, టాయిలెట్: గంటకు ఒక గ్లాసు. ఆగే చోట్లు రాసుకున్నాక బాత్రూం భయం చాలావరకు పోయింది. ముందు వారం నుంచి రాత్రి రెండు చెంచాల ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లతో. బస చేసే చోట ఇండియన్ టాయిలెట్టే ఉండొచ్చని మడిచే కమోడ్ స్టూలు బండిలో వేయించాం. రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో లోతుగా వంగడం, గొంతుకూర్చోవడం వాటికి ఎక్కువ ఒత్తిడి. ఈ ఒక్క స్టూలు ఉదయాలను చాలా తేలిక చేసింది.

పడక: కాటేజీల్లో పరుపులు మధ్యలో లోతుగా ఉంటాయి. పరుపును కింద నేల మీదికి దింపి, పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోమన్నాం. తల దిండు ఇంటి నుంచే.

మందులు: ఇది డాక్టరు నిర్ణయించారు. సూది, డైక్లోఫెనాక్ మాన్పించారు. పారాసిటమాల్ 650, కనీసం ఆరు గంటల తేడాతో, రోజుకు మూడు మించకుండా. నొప్పికి రాత్రి వేసుకునే అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు ప్రయాణంలోనూ మానొద్దు. ఊళ్లో ఉన్నట్టు పదిన్నరకు కాకుండా ఎనిమిదిన్నరకే వేసుకోవాలి, లేకపోతే పొద్దున తల బరువుగా ఉండి మెట్ల మీద తూలొచ్చు.

నొప్పి పెరిగితే: ఆమె తన నొప్పికి వాడే మాటలనే మెట్లుగా చేశాం. "గుంజుడు" అంటే కాలు లాగడం మొదలైంది. ఆగి, వెనక్కి వంగే వ్యాయామం చేసి, నడక వేగం తగ్గించి ముందుకే పోవాలి. "పట్టుడు" అంటే నడుము బిగుసుకుంది. వెల్లకిలా పడుకుని పిక్కలు సీటు మీదో బండ మీదో పెట్టి 20 నిమిషాలు, పక్కన వేడి నీళ్ల బ్యాగు. బ్యాగుకు గుడ్డ చుట్టాలి, దాని మీద పడుకోకూడదు. ఒక పారాసిటమాల్. ఆ తర్వాత మిగిలిన కార్యక్రమంలో సగం కొట్టేయాలి. "తిమ్మిరి" అంటే పాదం మొద్దుబారి బలం తగ్గడం, లేదా మూత్రం మీద పట్టు తప్పడం. ఇక ఏ వ్యాయామమూ లేదు, నేరుగా ఆసుపత్రికి. ఏటూరునాగారంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అడవిలో ఫోను అందని చోట్లుంటాయి కాబట్టి 108 మీదే ఆధారపడకుండా బండితోనే కదలాలని చెప్పాం. ఈ మూడు మాటల అర్థం ఆడబిడ్డకు కూడా తెలుసు. దీంతో ఆమె పెద్దగా వివరించే అవసరం లేకపోయింది. "గుంజుతాంది" అంటే చాలు.

ప్రయాణానికి మూడు వారాల ముందు, రామప్ప బదులు గట్టమ్మ దాకా వెళ్లి రావడం రెండో ట్రయల్. మధ్య వరుస, రెండు ఆగుళ్లు, గుడి దగ్గర కొంచెం నడక. మర్నాడు నొప్పి నాలుగు, ఆ పైరోజు మూడు.

మూడు రోజులూ ఏం జరిగింది

మొదటి రోజు రాసినట్టే నడిచింది. లక్నవరంలో వేలాడే వంతెన ఊగుతుంది. ఊపుకు ఎదురు బిగుసుకుంటే నడుము అలసిపోతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, తాడును పట్టుకోకుండా వేళ్లు ఆనించి నడవాలని ముందే సాధన చేయించాం. స్పీడ్ బోటు ఎక్కొద్దని చెప్పాం. అల మీదినుంచి బోటు నీళ్లను కొట్టినప్పుడు ఆ దెబ్బ వెన్నుపూసల మీద నిలువుగా పడుతుంది, ముందు సీట్లలో మరీ ఎక్కువ. నెమ్మదిగా వెళ్లే పడవలో వెనక కూర్చున్నారు.

రెండో రోజు బొగత. దిగుడు బాగానే అయింది. నీళ్లు పడే చోటికి కాకుండా పక్కన బండ మీద కూర్చున్నారు. నవంబరులో ప్రవాహం తగ్గినా బండలు నాచుపట్టి జారతాయి, పడితే ఈ పదకొండు వారాలూ వృథా. తిరిగి ఎక్కేటప్పుడు మూడొంతులు అయ్యాక పట్టుడు. ఆమే గట్టిగా ఆ మాట అన్నారు. బండ మీద పడుకుని పిక్కలు తోటికోడలి ఒళ్లో పెట్టారు. 25 నిమిషాలు. ఫ్లాస్కులో వేడి నీళ్లున్నాయి కాబట్టి బ్యాగు పనికొచ్చింది. తర్వాత నిమిషం నడిచి నిమిషం ఆగుతూ పైకి వచ్చారు. సాయంత్రం తాడ్వాయి చుట్టూ అనుకున్న అడవి నడక రద్దు. రద్దు చేసింది ఆడబిడ్డ. "రేపు చూద్దాం" అన్నారు, అంతే.

ఆ పట్టుడుకు కారణం తర్వాత తెలిసింది. దిగే ముందు ఫొటోల కోసం 40 నిమిషాలు ఒకేచోట నిలబడ్డారు. ప్లానులో కూర్చోవడానికి కొలత ఉంది, నిలబడడానికి లేదు. ఆమె ఉద్యోగం నిలబడి చేసేదే కాబట్టి నిలబడడంలో ఇబ్బంది ఉండదని అనుకున్నాం. ఉద్యోగంలో కొంచెం కొంచెం కదులుతుంటారు, గోడకు ఆనతారు. బండ మీద, వాలులో, కదలకుండా నిలబడడం వేరే పని.

మూడో రోజు పాండవుల గుట్టలు. బండలెక్కే ఆలోచన మానుకుని కింది దారిలో 40 నిమిషాలు నడిచి, ఒక పాతకాలపు చిత్రాల రాతిగూడు దాకా వెళ్లి వచ్చారు. సాయంత్రానికి హన్మకొండ. ఆ రాత్రి నొప్పి ఆరు. మర్నాడు ఐదు. మూడో రోజు మూడు. డ్యూటీకి రెండు రోజుల సెలవు ముందే పెట్టించాం. ఆ రెండు రోజులూ మంచం మీద కాదు, బండ్ మీద పది నిమిషాల చొప్పున నడుస్తూ గడిపారు. పన్నెండు, పద్దెనిమిది రోజుల పడక ఈసారి రాలేదు.

తర్వాతి కేసుల్లో మార్చినవి

కూర్చునే కొలత క్లినిక్కు కుర్చీలో తీయడం మానేశాం. ప్రయాణానికి వాడబోయే బండిలో, అదే సీట్లో, హన్మకొండ రింగు రోడ్డు మీద తిప్పి తీస్తున్నాం. నిలబడే కొలత కొత్తగా చేర్చాం: కదలకుండా, ఆనకుండా, వాలు మీద ఎన్ని నిమిషాలు. ఫొటోలకు ఐదు నిమిషాలకు మించి ఒకచోట నిలబడకూడదని రాస్తున్నాం.

కుటుంబంలో ఒకరిని మొదటి వారంలోనే పిలుస్తున్నాం. ఆ ఒకరు భర్తే కావాలని లేదు. ఈ కేసులో ఆయన మంచివారే. కానీ ప్రయాణం టైము, తిండి, ఆగుళ్లు నడిపించేది ఆడబిడ్డ. ఎవరి మాటకు బండి ఆగుతుందో కనుక్కుని వాళ్లతో మాట్లాడాలి.

మందుల విషయంలో ఒక ప్రశ్న కొత్తగా అడుగుతున్నాం: "పోయే ముందు సూది ఏమన్నా వేయించుకుంటరా?" నేరుగా అడగకపోతే చాలామంది చెప్పరు. ఆర్‌ఎంపీ దగ్గరి సూదిని మందు కింద లెక్కవేయరు.

ఆమె ఇప్పుడు మళ్లీ వస్తున్నారు. వచ్చే వర్షాకాలం తర్వాత బొగతకే వెళ్తారట. ఈసారి పొద్దున ఎండెక్కక ముందు దిగి, పైన నీడలో గంటసేపు పడుకుని మరీ తిరుగుతామని ఆడబిడ్డే టైము రాసుకొచ్చారు. దిగడం 130 నుంచి 200 మెట్లకు పెంచాలి. ఎక్కుతూ మధ్యలో ఆగే చోట్లు ముందే గుర్తుపెట్టుకోవాలి. ఆ లెక్క ఈ వారం మొదలుపెట్టాం.